రక్తమిచ్చేవాళ్ళు వచ్చేదాకా

ఎల్డన్ పోయి గంట దాటింది, నేనింకా అతనికి రక్తమిచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాను. ఎవరైనా వింటే పిచ్చి అంటారు, నాకూ అదే అనిపిస్తోంది, అయినా ఈ బెంచీ మీంచి లేవబుద్ధి కావడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నేను ఆకులు పట్టుకోవడం కూడా లేదు, ఆకులు తెస్తామన్నవాళ్ళు తెస్తారా తేరా అని గేటు వైపు చూస్తున్నాను, అంతే తేడా. ఇనప బెంచీ, నవంబరు చలి గౌను గుడ్డలోంచి తొడల్లోకి పాకుతోంది. ఎదురుగా రక్తం తీసుకునే గది, దాని కిటికీ ఇంకా తెరవలేదు, తలుపు మీద అంటించిన కాగితాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో: పరగడుపున రావాలి, ముందురోజు మద్యం ముట్టకూడదు, వయసు అరవై అయిదు దాటకూడదు. గేటు బయట తమాలేలు అమ్మే ఆవిడ గుండిగ మూత తీసినప్పుడల్లా ఉడికిన మొక్కజొన్న పిండి వాసన లోపలిదాకా వస్తోంది, కడుపులో ఆకలి కదులుతోంది, ఆ ఆకలిని చూసి నాకు సిగ్గేసింది. భర్త పోయిన పూట కూడా కడుపు తన పని తాను చూసుకుంటుందన్నమాట. ఇక్కడికి వచ్చినప్పుడు అలవాటుకొద్దీ కూర్చున్నవాళ్ళందరికీ శుభోదయం చెప్పాను, అందరూ తలెత్తి బదులు చెప్పారు, నా గొంతులో తేడా ఎవరికీ తెలియలేదు. నలుగురు కూర్చున్నచోట అడుగుపెడితే ముందు పలకరించండి, ఆ తర్వాతే మీ పని గురించి అడగండి, పలకరించనివాణ్ణి ఈ దేశంలో మనిషి కింద లెక్కవెయ్యరు అని ఎంతమందికి చెప్పి ఉంటాను.

గురువారం గురువారం చెప్పేదాన్ని. అహిహిక్ అనే మా ఊళ్ళో పరదేశీల సంఘం తోటలో, మామిడిచెట్టు కింద మడతకుర్చీలు వేసి, కొత్తగా సరస్సు ఒడ్డుకి కాపురం వచ్చిన కెనడావాళ్ళకీ అమెరికావాళ్ళకీ ఈ దేశంలో ఎలా బతకాలో చెప్పడం నా పనీ ఎల్డన్ పనీనూ. మనుషులు నా వంతు, పైపులు అతని వంతు. డాబా మీది నీళ్ళ ట్యాంకు ఏడాదికి రెండుసార్లు కడిగించండి, మోటారు గాలి పీలిస్తే ఇదిగో ఈ మర తిప్పండి, గ్యాసు వాసన వస్తే ముందు కిటికీ తెరవండి, తర్వాత తిట్టుకోండి అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. నేనేమో, టాయిలెట్ కాగితం బుట్టలో వెయ్యండి, పెద్దనోటు పట్టుకుని కూరగాయలకి వెళ్ళకండి, చిల్లర ఎవరిదగ్గరా ఉండదు, ఏ ఆఫీసుకి వెళ్ళినా ప్రతి కాగితానికీ జిరాక్సులు పట్టుకెళ్ళండి, ఒకటి ఎక్కువే పట్టుకెళ్ళండి, తినేవాళ్ళ పక్కనుంచి వెళ్తుంటే అరిగించుకోండి అని దీవించి మరీ వెళ్ళండి, ఇలాంటివి. చావు గురించి కూడా చెప్పేదాన్ని, దానికీ ఒక గురువారం ఉండేది. ఇక్కడ ఆలస్యం చెయ్యరు, ఒకటి రెండు రోజుల్లో మట్టిచేసేస్తారు, మీ పిల్లలు విమానం ఎక్కేలోపే అయిపోతుంది, అందుకని ముందే రాసిపెట్టుకోండి. పరామర్శకి వెళ్ళేటప్పుడు పువ్వులు కాదు, కాఫీపొడీ పంచదారా పట్టుకెళ్ళండి, తెల్లవార్లూ మెలకువగా ఉంటారు వాళ్ళు, శవాన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు. ఇవన్నీ నవ్వుతూ చెప్పేదాన్ని, నవ్వుతూ రాసుకునేవాళ్ళు. ఎదుటివారికి చెప్పేటందుకే నీతులు అన్న మాట ఊరికే పుట్టలేదు.

అన్నిటికంటే పేరుపడ్డ పాఠం మాత్రం 'అవును' పాఠం. దానికోసమే వచ్చేవాళ్ళు కొందరు. ఈ దేశంలో ఎవరూ మీ మొహం మీద కాదు అనరు, అది మొరటుతనం కింద లెక్క, మీరు భోజనానికి పిలిస్తే అయ్యో రాకపోవడమేమిటి అంటారు, వంట చల్లారిపోతుంది, మనిషి రాడు, మీరు అలగకండి, అతను అబద్ధం చెప్పలేదు, అప్పటికి మీ మొహం చిన్నబోకుండా చూశాడు, ఆ అవును ఒక మర్యాద, మాట కాదు, దాన్ని పట్టుకుని వేలాడకండి. మరి నిజం అవునుని ఎలా గుర్తుపట్టాలి అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, నేను దానికోసమే కాచుక్కూర్చునేదాన్ని. నిజంగా వచ్చేవాడు ప్రశ్నలడుగుతాడు, ఎన్నింటికి, ఏ వీధి, ఏ గేటు అంటాడు, ప్రశ్న లేకుండా వచ్చిన అవును గాలిలో కలిసిపోతుంది అనేదాన్ని. రక్తమిస్తామన్న పక్కింటి ఎలీసెయో ఏమీ అడగలేదు. ఏ ఆస్పత్రో చెప్పాను, రేపు పొద్దున్నే అన్నాను, పెద్దవాళ్ళని పిలిచే పిలుపుతో, ఉంటాం దోన్యా, మీరేం దిగులు పడకండి అన్నాడు, మళ్ళీ తన ఇత్తడి బాకా తుడుచుకోవడంలో పడ్డాడు. ఏ గేటు అని అడగలేదు, రక్తం ఎక్కడ తీస్తారని అడగలేదు. గ్వాదలహారా నగరంలో ఈ ఆస్పత్రి ఒక ఊరంత ఉంటుంది, తెలియనివాడు లోపలే తప్పిపోతాడు. నా పాఠం ప్రకారం వాళ్ళు రారు. నేను తప్పు చెప్పి ఉంటే బావుండునని ఇంతకుముందెప్పుడూ కోరుకోలేదు.

ఎల్డన్‌కి కడుపులో గడ్డ. లోపల్లోపల రక్తం కారిపోతోంది, తియ్యాలి, తియ్యాలంటే నలుగురు వచ్చి రక్తమివ్వాలి అన్నారు. కొనుక్కుంటాం అన్నాడు ఎల్డన్, మంచం మీంచే పర్సు కోసం తడుముకుంటూ. ఇక్కడ రక్తం అమ్మరు సెన్యోర్, మీవాళ్ళు వచ్చి ఇవ్వాలి, మీ చుట్టాలు, స్నేహితులు, ఎవరో ఒకరు అంది నర్సు. ఇన్నేళ్ళలో ఈ దేశంలో డబ్బుతో కానిది మాకు అదే మొదటిది. పిల్లల్లేరు మాకు. ఆ సాయంత్రం సంఘంలో పేకాట బల్ల దగ్గర నిలబడి చెప్పాను, చెప్పీ చెప్పగానే చేతులన్నీ లేచాయి, కళ్ళు చెమర్చాయి నాకు, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. తర్వాత వయసు సంగతి చెప్పాను. ఒక్కొక్క చెయ్యే కిందికి దిగింది. అందరిలోకీ చిన్నది పెర్ల్, దానికి అరవై తొమ్మిది, అది కాసేపు చెయ్యి దించకుండా, నేను అంతలా కనబడను కదా, ఒకటి రెండేళ్ళు తగ్గించి చెప్తే అంది, ఎవరూ నవ్వలేదు. ఆ బల్ల చుట్టూ చూశాను. తెల్ల తలలు, వినికిడి మిషన్లు, మోకాలి పట్టీలు. ఎంత ఆలోచించి కట్టుకున్నాం ఆ ఊరు! ఎండ, సరస్సు, చవక అద్దెలు, ఇంగ్లీషు వచ్చిన పళ్ళడాక్టరు, అన్నీ చూసుకున్నాం, మాలాంటివాళ్ళనే చుట్టూ చేర్చుకున్నాం, చివరికి ఒక మనిషి కడుపు కోయాలంటే పనికొచ్చే రక్తం మా అందరిలో కలిపి ఒక్క చుక్క లేదు. ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే మాలాంటి తెలివైనవాళ్ళే కావాలి.

అడగందే అమ్మైనా పెట్టదు కదా, మర్నాడు పక్కింటికి వెళ్ళాను. పదిహేడేళ్ళుగా పక్కిల్లే. దోన్యా కూకా, ఆవిడ కొడుకు ఎలీసెయో, కోడలు, మనవలు, కోళ్ళు, ఒక ఒంటికన్ను కుక్క. వాళ్ళ గేటు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి, ఎప్పుడూ గేటు దగ్గరే పని అయిపోయేది. ఆవిడ పెరట్లో ముక్కాలి పీట మీద కూర్చుని కూర కోసం నాగజెముడు మట్టలకి ముళ్ళు గీస్తోంది, నన్ను చూసి కత్తి పక్కనపెట్టి, కొంగులాంటి తన ఏప్రాన్‌తో కుర్చీ దులిపింది. రండి దోన్యా లోర్నా, కూర్చోండి, మా ఇల్లు మీ ఇల్లే అంది. చెప్పాను. ఎంతమంది కావాలి అంది. నలుగురు. నలుగురేనా? వయసు అరవై అయిదు దాటకూడదు. అయితే నేను పనికిరాను, ఎలాగూ నా ఒంట్లో సగం కాఫీయే, మీ ఆయనకి ఎక్కిస్తే నెల్లాళ్ళు నిద్రపట్టదు అంది, నవ్వింది, నేనూ నవ్వాను, ఎల్డన్‌కి జబ్బని తెలిశాక నవ్వడం అదే మొదలు. తర్వాత కొడుకుని కేకేసింది. అతను ఉంటాం అన్నాడు. లేచి వస్తుంటే ఆవిడ ముళ్ళు గీసిన మట్టలు నాలుగు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది, ఆ పళ్ళెం ఇంకా నా వంటింట్లోనే ఉంది.

పళ్ళాలు. పదిహేడేళ్ళుగా గోడ మీంచీ గేటు మీంచీ పళ్ళాలే అటూ ఇటూ తిరిగాయి. ఏటా నవంబరులో సాన్ ఆంద్రెస్ ఉత్సవాలు వస్తాయి, తొమ్మిది రోజులు, రోజుకో వృత్తివాళ్ళ వంతు, తెల్లవారకముందే తారాజువ్వలు, చర్చి ముందు బాకా మేళం. ఎల్డన్‌కి ఆ జువ్వల చప్పుడు పడదు. అందుకని ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఊరంతా పండగ చేసుకునే ఆ తొమ్మిది రోజులూ మేం సముద్రతీరానికి వెళ్ళిపోయేవాళ్ళం, అది కూడా పాఠంలో చెప్పేదాన్ని, చెవులు సున్నితమైనవాళ్ళు ముందే గది బుక్ చేసుకోండి అని. తిరిగొచ్చిన సాయంత్రం గేటు చప్పుడయ్యేది. గుడ్డ కప్పిన గిన్నె, మొక్కజొన్న గింజలూ పందిమాంసమూ వేసి కాచిన పోసోలే. మీరు ఉండరు కదా, మీ వంతు తీసిపెట్టాను అనేది కూకా. ఒక్కసారి కూడా ఎందుకు ఉండరు అని అడగలేదు. ఇక్కడ గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదని కొత్తవాళ్ళకి నేనే చెప్తాను కాబట్టి అరటిపండు కేకు చేసి, ముక్కలు కోసి, ఆ గిన్నెలో పెట్టి పంపేదాన్ని. పద్ధతిగా చేశాను, ఎక్కడా లోటు రానివ్వలేదు. కానీ అది స్నేహమా, పద్ధతా? ఆవిడ మొగుడు పోయినప్పుడు కాఫీపొడీ పంచదారా పట్టుకెళ్ళాను, గేటు దగ్గరే కోడలి చేతికిచ్చి వచ్చేశాను. అతను ఎలా పోయాడో, ఎక్కడ పోయాడో అడగలేదు. మొదట్లో భాష అడ్డం వచ్చేది, భాష వచ్చాక మొహమాటం అడ్డం వచ్చింది.

ఇవాళ తాపీమేస్త్రీల వంతు. ఆ సంగతి టాక్సీ ఎక్కాక గాని నాకు గుర్తురాలేదు. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, రాత్రి మళ్ళీ చాలా రక్తం పోయింది, రండి అన్నారు, చేతికందిన గౌను తొడుక్కుని బయటపడ్డాను, టాక్సీ సరస్సు ఒడ్డున తిరుగుతుంటే వెనక ఊరి మీద జువ్వలు పేలాయి. డ్రైవరు గుండెల మీద శిలువ గీసుకుని, ఇవాళ మేస్త్రీలది, వాళ్ళు అదరగొడతారు చూడండి అన్నాడు. ఎలీసెయో మేస్త్రీ. వాళ్ళ మేళమంతా మేస్త్రీలే. ఏడాదంతా కూడబెట్టుకుని ఈ ఒక్క రోజుకోసం బతుకుతారు, తెల్లవారుజామున చర్చి ముందు వాయిస్తారు, అసలు సంబరం ముందు రాత్రే మొదలవుతుంది, మేస్త్రీల ముందు రాత్రంటే టకీలా ఏరులై పారుతుంది. పరగడుపున రావాలట, మద్యం ముట్టకూడదట. ఆ టాక్సీలోనే నాకు ఆశ పోయింది. ఉంటాం అన్న ఆ కుర్రాడు కూడా ఈ రోజు ఏ రోజో తెలిసే అన్నాడు, తెలిసీ నా మొహం చిన్నబోకుండా చూశాడు. నేను వచ్చేసరికి ఎల్డన్ లేడు. లేతవయసు డాక్టరు, కళ్ళ కింద నల్లగా ఉన్నాయి అతనికి, మా దగ్గరున్నది ఎక్కించాం సెన్యోరా, నిన్ననే మీవాళ్ళు వచ్చి ఇచ్చినా ఆగేది కాదు అన్నాడు. ఓదార్చడానికి అన్నాడో, నిజమే అన్నాడో. ముఖం చూపించారు. నుదురు ముద్దుపెట్టుకున్నాను, ఇంకా పూర్తిగా చల్లబడలేదు. కింద శవాల గదికి తీసుకెళ్తున్నాం, పక్కన కుర్చీ వేయిస్తాను, కూర్చుంటారా అని అడిగాడు మంచం తోసే మనిషి. కాసేపాగి వస్తాను, మా వాళ్ళు వస్తున్నారు అన్నాను. మా వాళ్ళు. ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో నాకే తెలియదు.

కెనడాలో, రెజైనాలో ఉన్న చెల్లెలు హేజెల్‌కి ఒక్కదానికే ఫోన్ చేశాను. ఏడ్చింది, ముక్కు చీదుకుంది, తర్వాత వెంటనే, ఇక వచ్చెయ్యవే అక్కా, అక్కడ నీకెవరున్నారు అంది. నిజమే కదా. కింది అంతస్తులో దాని ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, కిటికీ సగం నేలకి పైన, సగం కింద, జనవరిలో మంచు పడితే ఆ కిటికీలోంచి తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. ఆ గదిలో ఒక మంచం, ఒక టీవీ, నేను, అటక మీద డబ్బాలో ఎల్డన్ బూడిద. అలా ఆలోచిస్తుంటే ఆస్పత్రిలో బంధువులతో మాట్లాడే ఉద్యోగిని వచ్చింది, చేతిలో కాగితాలు, మెడలో గుర్తింపు కార్డు, ఎంతో మెత్తగా, మీతో ఎవరున్నారు సెన్యోరా అని అడిగింది. వస్తున్నారు అన్నాను. సరే, వాళ్ళు వచ్చాకే మాట్లాడదాం, ఒక్కరూ సంతకాలు పెట్టడం మంచిది కాదు అని వెళ్ళిపోయింది. రెండోసారి అబద్ధమాడాను. కాదు, అబద్ధమో కాదో తేలడం కోసమే కదా ఈ బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ళు వస్తే ఉంటాను, రాకపోతే పోతాను. ఎప్పుడు అనుకున్నానో తెలియదు గాని, అనేసుకున్నాను. పదిహేడేళ్ళలో నాకంటూ ఇక్కడ ఏదైనా మిగిలిందో లేదో ఇవాళ ఈ గేటే చెప్పాలి.

ఫోన్ సంచీలోనే ఉంది. దాని సంగతి ఆలోచించకుండా ఉండాలని చాలా చూస్తున్నాను. రాగానే కూకాకి ఫోన్ చేసి, అంతా అయిపోయింది, రావద్దని చెప్పండి అంటే సరిపోయేది, ఆడుకునేవాళ్ళు హాయిగా ఆడుకునేవాళ్ళు, వాయించుకునేవాళ్ళు వాయించుకునేవాళ్ళు. ఏ కాస్త బుద్ధున్న మనిషైనా అదే చేస్తుంది. నేను చెయ్యలేదు. వాళ్ళు నిజంగానే బయల్దేరి ఉంటే, పండగపూట, పస్తుండి, చచ్చిపోయిన మనిషికి రక్తమివ్వడానికి ఇంతదూరం వస్తున్నారు, నేను రానిస్తున్నాను. బయల్దేరకపోతే, ఫోన్ చేస్తే, అయ్యో దోన్యా, ఇప్పుడే బయల్దేరుతున్నాం అంటారు, అది కూడా మర్యాదే, నాకు ఎప్పటికీ నిజం తెలియదు. ఎంత నీచంగా ఉంది ఈ లెక్క. ఎల్డన్ ఉంటే నవ్వేవాడు. నిన్న కూకా ఇంటికి వెళ్ళొచ్చాక ఆస్పత్రికి వచ్చినప్పుడు అడిగాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, తడిగుడ్డతో అద్దుతున్నాను. అడిగావా వాళ్ళని? అడిగాను. ఏమన్నారు? వస్తామన్నారు. ప్రశ్నలేమైనా వేశారా అన్నాడు, కన్నుకొట్టాడు. నీ పాఠం నాకు గుర్తుంది లోర్నా, పైపులైతే అబద్ధం చెప్పవు అన్నాడు. అదే ఇంచుమించు చివరి మాట. తర్వాత డాబా మీది ట్యాంకు మూత సరిగ్గా వేశావా అన్నాడు, వేశానన్నాను, వెయ్యలేదు.

కిటికీ తెరిచారు. లోపల దీపం వెలిగింది, పేర్లు పిలవడం మొదలైంది, బెంచీ మీదివాళ్ళు ఒక్కొక్కరే చొక్కా చేతులు మడుచుకుంటూ లేచి వెళ్తున్నారు. నా పక్కన ఒకావిడ, కొండ ఊళ్ళనుంచి వచ్చినట్టుంది, నీలం శాలువా కప్పుకుని, తమాలే ఆకు విప్పి సగం తుంచి నా వైపు చాపింది. తినండి, ఎదురుచూడాలంటే ఓపిక కావాలి అంది. వద్దనలేకపోయాను. వేడిగా ఉంది, మిరపకాయ ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ వంకన కాస్త ఏడ్చాను. మీ వాళ్ళు ఇంకా రాలేదా అంది. వస్తారు. ఎవరికి? మా ఆయనకి. నేను మా కోడలి కోసం, కాన్పు కష్టమైంది, నా తమ్ముళ్ళు వస్తామన్నారు, వాళ్ళ ట్రక్కు దారిలో చెడిపోయిందట, రెండుసార్లు ఫోన్ చేశారు అంది. నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. ఎండ గోడ పైకంటా వచ్చింది. గేటులోంచి వచ్చే ప్రతి టోపీనీ చూశాను, అవి ఎవరెవరివో టోపీలు. సరే, ఇంతే, నా పాఠం ఒప్పే అయింది, రెజైనా వెళ్ళిపోతాను, కూకా పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టి తిప్పి ఇచ్చేసి వెళ్ళిపోతాను అనుకున్నాను. ఏం పెట్టాలో మాత్రం తోచలేదు.

అప్పుడు వచ్చారు. గేటులోంచి కాదు, ఆస్పత్రి లోపలినుంచి, వెనక వరండాలోంచి. ముందు ఎలీసెయో, వెనక అరడజను మందికి పైనే, మేళం చొక్కాలు తొడుక్కుని ఉన్నారు, ముదురు ఎరుపు, భుజాల మీద బంగారురంగు దారాలు, ఆ తెల్లటి వరండాలో పెళ్ళివాళ్ళు దారితప్పి వచ్చినట్టుంది. ఎలీసెయో టోపీ తీసి, క్షమించండి దోన్యా, మేం వెనక గేటు దగ్గర నిలబడిపోయాం, చీకటుండగానే వచ్చాం, నాన్నప్పుడు అక్కడే తీసుకునేవాళ్ళు రక్తం, గది ఇటు మార్చారని ఇప్పుడే చెప్పాడు కాపలావాడు అన్నాడు. నాన్నప్పుడు. అందుకే ఏ గేటని అడగలేదు. వాళ్ళ నాన్న పోయింది ఈ ఆస్పత్రిలో. వెనకనున్న లావుపాటి అతను, పెద్ద డోలు వాయించేవాడు, మేస్త్రీల ముందు రాత్రి మంచినీళ్ళు తాగి పడుకున్నాం దోన్యా, మా తాతలు సమాధిలో పక్కకి తిరిగి పడుకుని ఉంటారు అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. మరి మీ పూజ అన్నాను. మావయ్య జువ్వలు కాలుస్తున్నాడు, మేళం లేకపోయినా దేవుడేమీ అనుకోడు, అసలు మా వాయింపు ఆయనకీ పెద్ద ఇష్టం ఉండదు అన్నాడు ఎలీసెయో. అవును, టాక్సీలో జువ్వలే విన్నాను, మేళం వినలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది.

చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, లేచి నిలబడి చెప్పానో కూర్చునే చెప్పానో. అతను పోయాడు ఎలీసెయో, మీరు రాకముందే. టోపీలన్నీ ఒక్కసారి దిగాయి. డోలు వాయించే అతని మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండిపోయింది. ఎలీసెయో నెమ్మదిగా, ఫోన్ చెయ్యాల్సింది దోన్యా అన్నాడు, నిష్ఠూరం లేదు అందులో, ఒక్కరే ఇక్కడ కూర్చున్నారే అన్న బాధే ఉంది. అది భరించలేకపోయాను. చెయ్యలేదు, మీరు వస్తారో రారో చూద్దామని చెయ్యలేదు అన్నాను. అతను నావైపు చూశాడు. కోపం కాదు, అర్థంకాకపోవడం.

"వస్తామన్నాం కదా" అన్నాడు.

పక్కనున్న శాలువా ఆవిడ అంతా విన్నట్టుంది, మొహం తిప్పుకుని ఆకు మడిచి సంచీలో పెట్టుకుంటోంది, మా ఆయనకి అని నేను చెప్పిన మాట ఇద్దరి మధ్యా బెంచీ మీద ఉండిపోయింది. ఎలీసెయో ఆవిడవైపు తిరిగి, అమ్మా, మీకెంతమంది కావాలి అని అడిగాడు. ఆవిడ వేళ్ళు చూపించింది. అతను తలూపి తనవాళ్ళని కిటికీవైపు పంపాడు, వాళ్ళు ఎర్రచొక్కాల చేతులు మడుచుకుంటూ వరసలో నిలబడ్డారు.

అప్పటికి వరండా చివర దోన్యా కూకా కనబడింది. మోకాళ్ళు పట్టేసి కొడుకు వెనక పడిపోయినట్టుంది, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతిలో గుడ్డకట్టిన గిన్నెతో, ఉపవాసం విప్పడానికి పిల్లలకి తెచ్చిన గిన్నె కాబోలు. కొడుకు ఎదురెళ్ళి చెవిలో చెప్పాడు. ఆవిడ గిన్నె అతని చేతికిచ్చి శిలువ గీసుకుంది. నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది, ముళ్ళు గీసి గీసి గరుకెక్కిన చేతులు. ఏడుస్తుందనుకున్నాను, ఓదారుస్తుందనుకున్నాను, అందుకోసమే కదా ఇంతసేపూ కూర్చున్నాను, నాకెవరున్నారో తేల్చుకోవడానికి. వచ్చారు, అందరూ వచ్చారు, నాకు ఇక్కడ మనుషులున్నారు. ఆవిడ నా భుజం మీంచి అటూ ఇటూ చూసింది, ఇంకెవరికోసమో వెతుకుతున్నట్టు, మా సంఘంవాళ్ళ కోసం కాబోలు, ఒక్క తెల్లతల కూడా కనబడలేదు.

"అతని దగ్గర ఎవరున్నారు?" అంది.

నాకు అర్థం కాలేదు మొదట. తర్వాత అర్థమైంది. కుర్చీ వేయిస్తానన్నాడు ఆ మనిషి, కాసేపాగి వస్తానన్నాను. కిటికీ తెరవకముందు, ఎండ రాకముందు, ఈ తమాలే తినకముందు. శవాన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు అని ఎన్ని గురువారాలు చెప్పానో, ఒక్కసారి కూడా ఆ మాట నాకు చెప్పుకోలేదు.

"ఎవరూ లేరు" అన్నాను.

కూకా నా చెయ్యి వదలకుండానే మెట్లవైపు తిరిగి, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. కింద ఎటు వెళ్ళాలో నేను చెప్పలేదు, ఆవిడకి దారి తెలుసు.